బొమ్మ కట్టిందెవరు? – తణుకు బుట్టబొమ్మలు, మెక్సికో అలెబ్రిహెలు, మన జానపద పరిశోధన

వ్యాససంగ్రహం: తణుకు బుట్టబొమ్మలను మన జానపద విజ్ఞానం ‘ప్రదర్శన కళ’ అనే గదిలో పెట్టి, వాటిని కట్టే చేతులను వదిలివేసింది. కర్త పేరు లేని వస్తువుకు కొత్త రూపం తొడుక్కునే హక్కు ఉండదు. దానికి మిగిలేవి రెండే గతులు: సంరక్షణ, లేదా అంతరించడం. ఇరవయ్యో శతాబ్దంలో ఒక కాగితపు బొమ్మల పనివాడు కల్పించిన మెక్సికో అలెబ్రిహెలు సమకాలీన శిల్పంగా ఎదిగిన క్రమంతో పోల్చి, బుట్టబొమ్మను శిల్పంగానూ, దాన్ని కట్టినవారిని శిల్పులుగానూ అంగీకరించాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: బుట్టబొమ్మలు, తణుకు, అలెబ్రిహె, అజ్ఞాతకర్తృకత్వం, శిల్పం, జానపద విజ్ఞానం.

ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో తణుకు పేరు సాధారణంగా రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. నన్నయ అక్కడ యజ్ఞం చేశాడన్న ఐతిహ్యం చెప్పేటప్పుడు ఒకసారి. ఆ పక్కనే ఉన్న మండపాకలో 1921లో పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్‌ను తలచుకునేటప్పుడు మరోసారి. మూడో సందర్భం కూడా ఒకటుంది. జానపద కళారూపాల జాబితాల్లో ‘బుట్టబొమ్మలు’ అన్న మాటకు ఎదురుగా తణుకు పేరు కనిపిస్తుంది. మొదటి రెండు సందర్భాల్లో ఊరితోపాటు మనిషి పేరు ఉంది. మూడో సందర్భంలో ఊరు మాత్రమే మిగిలింది. ఈ తేడా యాదృచ్ఛికం కాదనీ, మన పరిశోధన పద్ధతిలోనే దాని మూలం ఉందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బుట్టబొమ్మ అంటే ఏమిటో ముందు స్పష్టంగా చెప్పుకోవాలి. 2020లో వచ్చిన ఒక సినిమాలోని పాట పుణ్యమా అని ఈ మాట దేశదేశాలు తిరిగింది గాని, వస్తువును ఎరిగినవారు తక్కువ. వెదురుబద్దలతో అల్లిన బుట్ట దీనికి అస్థిపంజరం. పొట్టు, ఎండుగడ్డి, ఆవుపేడ వంటి వాటితో దానికి ముఖమూ భుజాలూ రూపు కడతారు, రంగులు వేస్తారు, బట్ట తొడుగుతారు. ఆటగాడు దాన్ని తలమీదుగా భుజాల దాకా దించుకుని నిలబడితే మనిషి ఎత్తు అమాంతం పెరుగుతుంది. పాట లేదు, సంభాషణ లేదు. దరువుకు తగిన అడుగే దాని భాష. ఊరేగింపులో జనం తలల మీదుగా కదిలిపోయే ఆ ముఖం మనిషిదే అయినా మనిషి కొలతకు లోబడదు. రూపం, పరిమాణం, భారం, చలనం – శిల్ప విమర్శ ఏయే అంశాలను గురించి మాట్లాడుతుందో అవన్నీ ఇందులో ఉన్నాయి. అయినా తెలుగులో బుట్టబొమ్మను శిల్పంగా చర్చించే సంప్రదాయం ఏర్పడలేదు.

‘బడు’ వాక్యంలో పోయిన కర్త

‘బుట్టబొమ్మలు వెదురుతో తయారుచేయబడతాయి.’ ‘ఊరేగింపుల్లో ప్రదర్శించబడతాయి.’ మన జానపద సిద్ధాంతవ్యాసాల్లో ఇటువంటి వాక్యాలు కోకొల్లలు. తెలుగు నోటికి కర్మణి ప్రయోగం సహజం కాదన్నది మనమే తరగతి గదుల్లో చెప్పే పాఠం. ‘అన్నం వండబడింది’ అని ఏ ఇంట్లోనూ అనరు. ‘అమ్మ అన్నం వండింది’ అంటారు. కర్త తెలియనప్పుడు ‘ఎవరో వండారు’ అంటారు. ఆ ‘ఎవరో’లో కూడా ఒక మనిషి ఉన్నాడన్న ఎరుక ఉంది. పరిశోధకుడి ‘బడు’ వాక్యంలో ఆ ఎరుక సైతం లేదు. వెదురు తనంతట తానే బుట్టగా అల్లుకుని, తనంతట తానే బొమ్మగా లేచి నిలబడినట్లుంటుంది.

ఇది కేవలం శైలీదోషమైతే పరిష్కర్త ఎర్రసిరా సరిపోయేది. దీని వెనుక ఒక సిద్ధాంతం ఉంది. తెలుగులో జానపద పరిశోధన గేయంతో మొదలైంది. బిరుదురాజు రామరాజు వేసిన పునాది జానపద గేయసాహిత్యం మీద వేసినది. ఆ కృషి మహత్తరమైనది. దాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. అయితే గేయాన్ని గురించి చెప్పిన లక్షణాలను – మౌఖికత, సామూహికత, అజ్ఞాతకర్తృకత్వం – తరవాతి తరాలు ఆలోచించకుండా వస్తువుకు కూడా అంటగట్టాయి. గేయం నోటినుంచి నోటికి పోతుంది. తొలిగా కట్టినవారెవరో తేల్చడం తరచుగా అసాధ్యం. బుట్టబొమ్మ సంగతి వేరు. ఇప్పుడు ఊరేగింపులో ఆడుతున్న ఈ బుట్టను ఒకరు అల్లారు, ఈ ముఖాన్ని ఒకరు మెత్తారు, ఈ కనుబొమలను ఒకరు దిద్దారు. వారు ఇతిహాసపు చీకట్లో లేరు. అడిగితే పేరు చెప్పగలిగినంత దగ్గరలో ఉన్నారు, లేదా వారి పిల్లలు ఉన్నారు. బుట్టబొమ్మ సంప్రదాయం అనాదిది కావచ్చు. ఒక్కొక్క బుట్టబొమ్మ మాత్రం అనాది కాదు. అజ్ఞాతకర్తృకమనీ, అడగని కర్త గలదనీ రెండు వేరువేరు వర్గాలున్నాయి. రెండోదాన్ని మొదటిదానిగా నమోదు చేయడమే మన పద్ధతిలోని మౌలికమైన దోషం. అజ్ఞాతం అన్నది ఇక్కడ వస్తువు లక్షణం కానే కాదు, ప్రశ్నావళి లక్షణం.

మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ను తెలుగు విశ్వవిద్యాలయం 1992లో ప్రచురించింది. అంతటి బృహత్సంకలనం మనకు ఉన్న తరవాత, రూపాల పేర్లు పోగుచేసే దశ దాటిందనే చెప్పాలి. ఇక చేయవలసింది మనుషుల పేర్లు రాసుకోవడం. మనం ఇంకా మొదటి దశనే తిరగదోడుతున్నాం.

బొమ్మ, శిల్పం: మాటలు చెప్పే సాక్ష్యం

‘బొమ్మ కట్టడం చేతిపని, శిల్పం చెక్కడం కళ’ అన్న విభజన మనకు సహజమని అనుకుంటున్నాం. భాష మాత్రం అందుకు సాక్ష్యం చెప్పదు. తెలుగులో బొమ్మ అన్న మాట ఆటవస్తువుకూ చెల్లుతుంది, గీసిన చిత్రానికీ చెల్లుతుంది, రాతి విగ్రహానికీ చెల్లుతుంది. నాణెం మీది ముద్ర బొమ్మే – బొమ్మా బొరుసూ. సంక్రాంతికి ఇంట్లో కూర్చేది బొమ్మల కొలువు. తెర మీద ఆడే సినిమా కూడా బొమ్మే. ఇన్ని మాధ్యమాలను ఒక్క మాటతో పట్టుకున్న భాషలో, బుట్టకు ఒక అంతస్తు, రాతికి ఒక అంతస్తు కట్టింది మనమే. శిల్పమన్న సంస్కృతపదానికైనా మూలంలో రాయితో పేచీ లేదు. నేర్పుతో చేసే చేతిపని ఏదైనా శిల్పమే. మన సాహిత్య విమర్శ ఆ విశాలార్థాన్ని తనకు కావలసినప్పుడు హాయిగా వాడుకుంది. వల్లంపాటి వెంకటసుబ్బయ్య తన విమర్శ గ్రంథానికి ‘కథాశిల్పం’ అని పేరు పెట్టినప్పుడు ఎవరికీ అభ్యంతరం కలగలేదు. మాటలతో కట్టిన కథకు శిల్పం ఉందంటాం; వెదురుతో కట్టిన బొమ్మకు ఉందనడానికి సందేహిస్తాం.

ఇంకొక సాక్ష్యం మరీ దగ్గరిది. అందమైన అమ్మాయిని తెలుగువారు ‘బుట్టబొమ్మ’ అంటారు, ‘బాపు బొమ్మ’ అని కూడా అంటారు. రెండూ ఇంచుమించు ఒకే అర్థంలో స్థిరపడిన ఉపమానాలు. రెండూ ఒకే జిల్లాకు సంబంధించినవి కూడా: బాపు 1933లో నరసాపురంలో పుట్టాడు, బుట్టబొమ్మకు పేరుపడ్డ ఊరు తణుకు. ఒక బొమ్మకు గీసినవాడి పేరు విశేషణమైంది. మరొక బొమ్మకు ముడిసరుకు పేరు విశేషణమైంది. కాగితం మీద గీతకు కర్త ఉన్నాడనీ, కాగితమూ వెదురూ కలిపి కట్టిన ఆకారానికి కర్త లేడనీ ఈ రెండు మాటల మధ్య మన సంస్కృతి ఒక తీర్పు రాసి పెట్టుకుంది. ఆ తీర్పును సమీక్షించవలసిన పని తెలుగు శాఖలది గాక మరెవరిది?

సంస్థల నిర్మాణం కూడా ఈ తీర్పునే అమలు చేసింది. సంగీత నాటక అకాడమీ 1953లోనూ, లలిత కళా అకాడమీ 1954లోనూ ఏర్పడ్డాయి. ఆడేది మొదటిదాని వాకిట్లోకి, చెక్కేది రెండోదాని వాకిట్లోకి చేరాయి. బుట్టబొమ్మ చెక్కుడుపని వంటి నిర్మాణమూ అవును, ఆటా అవును. రెండు వాకిళ్ళ మధ్య నిలబడ్డ వస్తువు కనుక, సులువుగా గుర్తించగలిగిన ఆట పేరుతోనే దాన్ని లెక్కించారు. ఆడేవాడికి ‘కళాకారుడు’ అన్న బిరుదైనా దక్కింది. కట్టేవారికి అదీ లేదు.

ఒక కల, ఒక పేరు: అలెబ్రిహె చరిత్ర

ఇక్కడ మెక్సికో ఉదాహరణ ఎందుకు అవసరమో వివరించాలి. ప్రపంచమంతటా ‘మెక్సికో సంప్రదాయ జానపద జంతువులు’గా పేరుపొందిన అలెబ్రిహెలు ప్రాచీనమైనవి కావు. వాటికి పుట్టిన తేదీ ఇంచుమించుగా తెలుసు. కల్పించినవాడి పేరు కచ్చితంగా తెలుసు. పేద్రో లినారెస్ (1906–1992) మెక్సికో నగరంలో కాగితపు బొమ్మలు చేసే వృత్తికుటుంబంలో పుట్టాడు. ఈస్టరు ముందరి శనివారం వీధుల్లో తగలబెట్టే జూడాస్ బొమ్మలు ఆ కుటుంబానికి జీవనాధారం. 1936లో తీవ్రమైన జ్వరంలో అతనికి ఒక కల వచ్చిందని కుటుంబం చెబుతుంది. ఆ కలలోని అడవిలో సీతాకోకచిలుక రెక్కల గాడిద, ఎద్దు కొమ్ముల కోడిపుంజు, డేగ తల గల సింహం కనబడి ‘అలెబ్రిహెస్’ అని అరిచాయట. కోలుకున్నాక అతడు తనకు తెలిసిన రెల్లు, కాగితం, జిగురులతోనే వాటిని కట్టాడు. ఆ మాటకు అంతకు ముందు స్పానిష్ భాషలో అర్థం లేదు. బొమ్మతో పాటే మాట కూడా పుట్టింది.

కలలో పుట్టిన కృతిని శంకించే అలవాటు కనీసం మనకు ఉండకూడదు. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి చెప్పగా కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’కు పూనుకున్న కథను మనం ప్రతి ఏడూ బోధిస్తూనే ఉన్నాం. రాజు కల ప్రబంధమైతే అవతారిక అంటాం. కాగితపు పనివాడి కల బొమ్మయితే ‘జానపద విశ్వాసం’ అని వర్గీకరిస్తాం.

ఆ తరవాతి చరిత్ర మన వాదానికి ముఖ్యమైనది. మెక్సికో ప్రభుత్వం 1990లో లినారెస్‌కు విజ్ఞాన కళల జాతీయ పురస్కారాన్ని జానపద కళల విభాగంలో ఇచ్చింది. ఒహాకా రాష్ట్రంలోని ఆర్రసోలా గ్రామానికి చెందిన మాన్యుయెల్ హిమేనెస్ (1919–2005) కోపాల్ చెట్టు కొయ్యతో జంతురూపాలను చెక్కి మరొక పాయ తెరిచాడు. మెక్సికో నగరంలోని జానపద కళల మ్యూజియం 2007 నుంచి భారీ అలెబ్రిహెల ఊరేగింపు నడుపుతోంది. మనుషుల కన్నా ఎంతో పెద్దవైన కాగితపు జంతువులు నగర వీధుల్లో కదిలి, ఆపైన ప్రధాన రహదారి పక్కన ప్రదర్శనకు నిలుస్తాయి. సాన్ మార్తీన్ తిల్కాహెతే గ్రామానికి చెందిన హకోబో, మరియా ఆంహెలెస్ దంపతుల కార్యశాల రూపొందించిన భారీ అలెబ్రిహెలు 2021లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో ప్రదర్శనకు నిలిచాయి. కాగితం జిగురు చేతిపని ఒక మనిషి జీవితకాలంలోనే జాతీయ పురస్కారం దాకా, అతని తదనంతరం మహానగర కూడళ్ళలో సమకాలీన శిల్పం దాకా వచ్చింది.

సామగ్రి దృష్టితో చూస్తే రెల్లు చట్రం మీది కాగితానికీ, వెదురు బుట్ట మీది పొట్టుకూ పేడకూ అంతస్తు తేడా ఏమీ లేదు. రెండూ వానకు కరిగేవే. భేదమల్లా ఒకటే: అక్కడ కట్టినవాడి పేరు అడిగారు.

పూర్వపక్షాలు – సమాధానాలు

మొదటి పూర్వపక్షం: జానపద కళ సమూహానిది; వ్యక్తి పేరు పెడితే ఆ సామూహికత చెడుతుంది. ఈ వాదంలో ఔదార్యం కనిపిస్తుంది గాని, దాని భారమంతా పేదవారే మోయాలి. భారతం ముగ్గురు కవులు తెలిగించినా వారి పేర్లు మూడూ మనకు తెలుసు, సామూహికత చెడలేదు. జానపద రంగంలోనూ పేరు నమోదైన చోట నష్టం జరగలేదు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లోనూ, ఏటికొప్పాక లక్కబొమ్మలకు మళ్ళీ ప్రకృతి రంగులు తెచ్చిన సి.వి. రాజుకు 2023లోనూ పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ అందువల్ల ఒకరి సొత్తు కాలేదు. ఏటికొప్పాక ఊరిది కాకుండా పోలేదు. బెల్జియం, ఫ్రాన్సు పట్టణాల ఊరేగింపు మహాకాయులు 2008లో యునెస్కో జాబితాలో చేరాయి. వెదురుబుట్టకు దూరపు చుట్టాలైన ఆ భారీ బొమ్మలకు ఊరూరా పేర్లున్నాయి. అక్కడ బొమ్మకే పేరుంది. ఇక్కడ మనిషికే లేదు.

రెండో పూర్వపక్షం: శిల్పానికి నిలకడ ఉండాలి, బుట్టబొమ్మ నిలవదు. నిలకడే గీటురాయి అయితే వినాయకచవితి మట్టిబొమ్మ శిల్పం కాకూడదు. కనుమనాడు జగ్గన్నతోటకు భుజాల మీద వచ్చే కోనసీమ ప్రభలు కూడా శిల్పాలు కాకూడదు. వెదురుతో, బట్టతో, రంగుకాగితాలతో ఏటేటా కొత్తగా ముస్తాబయ్యే ఆ ప్రభల తీర్థాన్ని 2023లో గణతంత్ర దినోత్సవ శకటంగా ఢిల్లీకి పంపిన రాష్ట్రం మనది. లినారెస్ కుటుంబం మొదట చేసిన జూడాస్ బొమ్మలు తగలబెట్టడానికే పుట్టినవి. కొన్ని కృతుల ధర్మం నిలవడం, కొన్నింటి ధర్మం మళ్ళీ మళ్ళీ పుట్టడం. మళ్ళీ పుట్టించగల నేర్పు ఉన్న చోట శిల్పి ఉన్నట్లే. ఒకసారి చెక్కి వదిలిన రాయి కన్నా, మళ్ళీ మళ్ళీ కొత్త ముఖం మెత్తవలసిన బుట్ట తన శిల్పిని ఎక్కువగా కోరుకుంటుంది.

మూడో పూర్వపక్షం అన్నిటికన్నా బలమైనది, అన్నిటికన్నా హానికరమైనది: కొత్త రూపాలు చేర్చితే సంప్రదాయం చెడుతుంది, పరిశోధకుడు శుద్ధరూపాన్ని కాపాడాలి. అలెబ్రిహె చరిత్ర ఈ వాదాన్ని మూలంతో సహా పెకలిస్తుంది. నూరేళ్ళు కూడా నిండని ఒక వ్యక్తి కల్పన ‘సంప్రదాయం’గా ప్రపంచం ముందు నిలబడింది. ఒహాకా కొయ్యబొమ్మల మీద మైకేల్ చిబ్నిక్ 2003లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ సంప్రదాయం ఎంత ఇటీవలిదో, అంగడితో కలిసి ఎలా పెరిగిందో చూపింది. సంప్రదాయం పాతదనంతో రాదు. వారసులు దాన్ని స్వీకరించడంతో వస్తుంది. ఆ స్వీకారానికి ముందు ఎవరో ఒకరు సాహసించి కొత్తది చేయాలి.

మన పూర్వులు ఆ సాహసం చేయలేదా? రెండు తలల గండభేరుండం, సింహమూ పక్షీ కలిసిన శరభం, ఏనుగు తొండం తగిలించుకున్న యాళి, మొసలీ చేపా ఏకమైన మకరం – ఇవన్నీ ఒకప్పుడు ఎవరి ఊహలోనో కొత్తవే. గండభేరుండం అచ్యుతరాయల నాణెం మీదికి ఎక్కి నిజంగానే ‘బొమ్మ’ అయింది. శరభం వీరభద్ర సంబరాల కేకలో ఈనాటికీ బతికి ఉంది. రాతిలోనూ లోహంలోనూ వింతజంతువును కల్పించిన శిల్పికి మనం ‘ప్రతిభ’ అంటాం. రేపు తణుకులో ఒకరు పులస తల, పందెంకోడి రెక్కలు, గంగిరెద్దు మూపురం గల బుట్టబొమ్మను కట్టి ఊరేగింపులో దించారనుకుందాం. మన పరిశోధన పత్రికలు దాన్ని ఏ శీర్షిక కింద చర్చిస్తాయి? ‘జానపద కళల్లో వికృతులు’, ‘సినిమా ప్రభావం’, ‘ఆధునికత దాడి’ – ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పదు. లినారెస్ మన గోదావరి జిల్లాలో పుట్టి ఉంటే అతని ఎద్దు కొమ్ముల కోడిపుంజు ఈ మూడు శీర్షికల మధ్యే నలిగిపోయేది.

ఇందులోని అన్యాయం ఇది: కట్టేవారికి కల్పన మీద హక్కు నిరాకరించేది మనమే, ఆ తరవాత ‘ఈ కళ అంతరించిపోతున్నది’ అని నిట్టూర్చేదీ మనమే. పాతరూపాన్ని తప్ప మరొకటి చేయకూడదన్న షరతు మీద ఏ కళా బతకదు. పద్యాన్నైనా ఆ షరతు మీద బతికించలేకపోయాం. తిలక్ వచన కవిత రాసినప్పుడు తెలుగు కవిత్వం అంతరించిందని మనం అనలేదు, మలుపు తిరిగిందన్నాం. ఆ ‘మలుపు’ అన్న మాట తణుకు బుట్టకు కూడా దక్కాలి.

చట్టం ఇచ్చినదీ, విమర్శ ఇవ్వనిదీ

విచిత్రమేమిటంటే ఈ విషయంలో చట్టం మన విమర్శ కన్నా ముందుంది. 1957 నాటి కాపీరైటు చట్టం రెండో సెక్షన్‌లో కళాత్మక కృతికి ఇచ్చిన నిర్వచనంలో శిల్పం ఉంది. కళాగుణం ఉన్నా లేకపోయినా అది కళాత్మక కృతేనన్న వివరణ ఉంది. కళానైపుణ్యం గల ఇతర చేతిపనులకు కూడా చోటుంది. 57వ సెక్షన్ కర్తకు తన కృతి తనదని చెప్పుకునే హక్కు ఇచ్చింది. ఢిల్లీ విజ్ఞాన భవన్ నుంచి తన కుడ్యశిల్పాన్ని పీకివేసినందుకు అమర్‌నాథ్ సెహగల్ వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2005లో ఆ హక్కును నిలబెట్టింది. అయితే చట్టం కాపాడేది కర్త స్వయంగా కల్పించిన రూపాన్ని. కర్త ఎవరో నమోదు కాకపోతే, కొత్త రూపం కల్పించే చొరవే లేకపోతే, ఆ హక్కు కాగితం మీదనే ఉంటుంది.

భౌగోళిక గుర్తింపు దీనికి ప్రత్యామ్నాయమని కొందరంటారు. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు ఆ గుర్తింపు మేలే చేసింది. అది కాపాడేది ఊరి పేరును, కల్తీ సరుకు నుంచి. 2025 గణతంత్ర దినోత్సవంలో ఏటికొప్పాక బొమ్మల శకటం మూడో బహుమతి పొందితే తెలుగువారందరం గర్వపడ్డాం. ఆ గర్వంలో ఊరికి వాటా దక్కింది. ఊరి పేరుతో పాటు చేతి పేరు కూడా కావాలన్నది మన వాదం. ఒకటి ఇచ్చి రెండోది ఎగవేయడం న్యాయం కాదు.

ఇక పట్టణ కూడళ్ళలో సిమెంటుతో, ఫైబరుతో జానపద కళాకారుల ప్రతిమలు నిలబెట్టడాన్ని ‘జానపదానికి గౌరవం’ అనుకునే ధోరణి ఉంది. కదలడమే ప్రాణమైన బుట్టబొమ్మను కదలని సిమెంటుగా మార్చి, ఆ పని ఖర్చును బుట్ట కట్టేవారికి గాక మరెవరికో చెల్లించడం గౌరవం అనిపించుకోదు. కూడలికి అలంకారం కావాలంటే ఏటా ఒక కొత్త బుట్టబొమ్మను కట్టించి, కట్టినవారి పేర్లు కింద రాయించవచ్చు. మెక్సికో నగరం తన ప్రధాన రహదారి మీద ఇంచుమించు అదే చేస్తోంది.

మెక్సికో నుంచి నేర్చుకోకూడనివి

పోలిక పూజ కాకూడదు. ఒహాకా కార్యశాలల్లో ఒక్కొక్క బొమ్మ వెనుక కుటుంబమంతా ఉంటుంది. చెక్కేవారు కొందరు, నున్నచేసేవారు కొందరు, రంగుల చుక్కలు పెట్టేవారు మరికొందరు. రంగు పని తరచుగా స్త్రీలది. అటువంటి బొమ్మ మీద ఇంటిపెద్ద సంతకం ఒక్కటే మిగిలితే ఒక అజ్ఞాతం పోయి మరొక అజ్ఞాతం వచ్చినట్లే. హకోబో పేరు పక్కన మరియా పేరు నిలవడం అందుకే గమనించదగినది. తణుకు బుట్టబొమ్మకు కర్త పేరు రాసేటప్పుడు బుట్ట అల్లిన చేతినీ, పొట్టూ పేడా మెత్తిన చేతినీ, రంగు దిద్దిన చేతినీ, బరువు మోసి ఆడిన భుజాన్నీ వేరువేరుగా రాయాలి. ఏకవచనం వ్యాకరణానికి సులువే. న్యాయానికి బహువచనం కావాలి.

అంగడి మరొక ప్రమాదం. గిరాకీ పెరిగిన కొద్దీ కోపాల్ చెట్టుకు కరువు వచ్చింది; కొండపల్లి వారికి పొణికి కొయ్య దొరకడం కూడా ఇటువంటి సమస్యే. బుట్టబొమ్మకు ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. వెదురు, గడ్డి, పొట్టు, పేడ డెల్టా పల్లెకు పరాయివి కావు. కరువు వస్తే అది సరుకుకు రాదు, చేతులకే వస్తుంది.

ముగింపు

ఈ చర్చ వల్ల తేలే ప్రతిపాదనలు నాలుగు.

ఒకటి: జానపద వస్తువుల క్షేత్రపరిశోధనలో కర్తల పేర్లు, వారు అంగీకరించిన మేరకు, తప్పనిసరి అంశం కావాలి. పేరు దొరకకపోతే ఎక్కడ, ఎవరిని అడిగితే దొరకలేదో రాయాలి.

రెండు: ప్రతి బుట్టబొమ్మకూ కట్టిన సంవత్సరం, మరమ్మతులు, మార్పులు, కట్టుబడి ఖర్చు, ఆటకు ముట్టిన కిరాయి నమోదు చేయాలి. ఇవి లేని వర్ణన వస్తువు చరిత్ర అనిపించుకోదు.

మూడు: కొత్త రూపాలను ‘వికృతి’గా గాక రచనగా విమర్శించాలి. బాగుందో బాగులేదో కారణాలతో చెప్పాలి. విమర్శకు నిలబడే హక్కు కూడా ఒక గౌరవమే. బుట్టబొమ్మకు మనం ఇంతవరకు జాలి చూపాం గాని విమర్శ ఇవ్వలేదు.

నాలుగు: సిద్ధాంతవ్యాసాల్లో కర్తను మింగే ‘బడు’ వాక్యాన్ని పర్యవేక్షకులు అనుమతించకూడదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ‘చేయబడింది’ అని రాయడం మానిన పరిశోధకుడు వాక్యం పూర్తిచేయడానికైనా ఒక పేరు కోసం వెతుక్కోక తప్పదు. ఆ వెతుకులాట అతన్ని గ్రంథాలయం నుంచి తణుకు వీధిలోకి నడిపిస్తుంది. అక్కడ అతడు వేయవలసిన మొదటి ప్రశ్న ఈ కళ ఎంత ప్రాచీనమైనదన్నది కాదు. ఈ బొమ్మ కట్టిందెవరన్నది. రెండో ప్రశ్న కూడా ఉంది, మనం ఇంతవరకు ఎన్నడూ వేయనిది: వచ్చే ఏడు ఏం కట్టాలనుకుంటున్నారు?